వరంగల్‌లో చేతులతో నేర్పే బడి ఏది? అయిదు దారులు, ఎవరికి ఏది కుదురుతుంది

సంక్రాంతి సెలవులు ముగిసీ ముగియగానే హనుమకొండ, కాజీపేట, వరంగల్ కూడళ్లలో బడుల ఫ్లెక్సీలు వెలుస్తాయి. కొన్నేళ్లుగా వాటి మీది మాటలు మారాయి. ర్యాంకర్ల ఫొటోల పక్కనే ‘చేస్తూ నేర్చుకుందాం’, ‘ఆటలతో చదువు’, ‘మాంటిస్సోరి పద్ధతి’ అని రాస్తున్నారు. ఇంటికి వచ్చే పీఆర్వో కూడా అదే వల్లిస్తాడు. అన్ని బడులూ ఒకే మాట చెబుతున్నప్పుడు ఆ మాటను బట్టి బడిని ఎంచుకోలేం.

పైగా అది ఎవరో కొత్తగా ఇస్తున్న సదుపాయం కాదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే ఉంది: పిల్లలు పనులు చేస్తూ, వెతుకుతూ, కనుక్కుంటూ నేర్చుకోవాలి, వాళ్లలో భయం ఉండకూడదు, వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలి. 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఈ నియమాలు వాడలోని సర్కారు బడికీ, హంటర్ రోడ్డు మీది నాలుగంతస్తుల భవనానికీ ఒకటే. ఎవరు ఎంత పాటిస్తున్నారన్నదే చూడాలి.

మూడేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం దాచుకోవడం లేదు. ఈ వయసులో బడి రకం కంటే మూడు సంగతులు ముఖ్యం: తరగతిలో ఎంతమంది పిల్లలున్నారు, పాఠాన్ని మార్చుకునే స్వేచ్ఛ టీచరుకు ఎంత ఉంది, బడి ఇంటికి ఎంత దగ్గర. ఈ మూడూ బాగుంటే పేరులేని బడి కూడా మంచిదే. ఇవి లేనిచోట ఖరీదైన సామగ్రి అద్దాల బీరువాలోనే ఉండిపోతుంది.

## ముందుగా చూడవలసినవి

పని ఎవరి చేతులతో జరుగుతోంది? అన్నిటికంటే పెద్ద పరీక్ష ఇదే. ప్రాజెక్టు ఇవ్వని బడి ఇప్పుడు లేదు. అయితే ఆ ప్రాజెక్టు చాలా ఇళ్లలో రాత్రి పది గంటలకు మొదలవుతుంది. నాన్న థర్మాకోల్ కోస్తాడు, అమ్మ రంగులు వేస్తుంది, బొమ్మలకు స్టేషనరీ దుకాణంలో అమ్మే చార్టు ఉండనే ఉంది. మర్నాడు పాప దాన్ని జాగ్రత్తగా మోసుకెళుతుంది, టీచరు మార్కులు వేస్తుంది. ఇందులో పాప నేర్చుకున్నది మోయడం ఒక్కటే. కాబట్టి బడికి వెళ్లినప్పుడు గోడలకు అంటించినవి చూడండి. అన్నీ ఒకేలా, తప్పు లేకుండా, ముచ్చటగా ఉంటే అవి పెద్దవాళ్ల పనులు. వంకర గీతలు, చెరిపేసిన గుర్తులు, ఒకదానికొకటి పోలిక లేని బొమ్మలు కనిపిస్తే అక్కడ పిల్లలే పనిచేస్తున్నారని అర్థం.

బయటికి తీసుకెళ్లిన మర్నాడు ఏం జరిగింది? మన చుట్టూ పిల్లలకు చూపించదగినవి చాలా ఉన్నాయి. వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్ తోరణాలు, హంటర్ రోడ్డులోని సైన్స్ కేంద్రం, జూపార్కు, పాకాల చెరువు, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప. బడులన్నీ బస్సులు మాట్లాడుకుని వెళతాయి, గ్రూపు ఫొటో దిగుతాయి, పులిహోర తిని తిరిగి వస్తాయి. అది విహారయాత్ర. ఆ సరదానూ నేను కాదనను. చదువు మాత్రం మర్నాడు మొదలవ్వాలి. రామప్ప గోపురపు ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవని ప్రసిద్ధి కదా. బడికి తిరిగొచ్చాక మట్టిలో ఊక కలిపి, రంపపు పొట్టు కలిపి చిన్న ఇటుకలు చేసి ఆరబెట్టి, ఏది ఎంత బరువుందో తూచి చూసిన తరగతి ఎక్కడైనా కనిపిస్తే ఆ బడి వదలొద్దు.

దీనికి దూరం వెళ్లవలసిన అవసరం కూడా లేదు. కొత్తవాడలో మగ్గం మీద దర్రీ (జంపఖానా) నేసే ఇల్లు చూపిస్తే గుణకారం, సౌష్ఠవం, రంగుల లెక్క ఒకే చోట దొరుకుతాయి. ఆ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు తెచ్చి వేరుచేయమంటే అదే వృక్షశాస్త్రం. వరుస మీద వరుస పేరుస్తుంటే వలయం చిన్నదయ్యే కొద్దీ ఎన్ని పూలు తగ్గుతున్నాయో లెక్కపెట్టడం గణితం. చాలా బడుల్లో బతుకమ్మ అంటే టీచర్లు పేర్చినదాని చుట్టూ పిల్లలు పట్టుబట్టలతో ఫొటో దిగడమే. పేర్చింది ఎవరు అని ఒక్క ప్రశ్న వేయండి, బడి సంగతి సగం తెలిసిపోతుంది.

తప్పు చేస్తే ఏమవుతుంది? నోటుపుస్తకం అడిగి చూడండి. ఎర్ర సిరాతో ఇంటూ గుర్తు వేసి, కింద సరైన జవాబు పదిసార్లు రాయించారా? లేక ‘ఇది నీకు ఎలా వచ్చింది?’ అని అడిగి రెండోసారి చేయనిచ్చారా? మరీ శుభ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్న పుస్తకాలను నేను నమ్మను. అవి నల్లబల్ల మీది నుంచి దించుకున్నవి.

ఏ భాషలో మాట్లాడనిస్తున్నారు? చేసి నేర్చుకోవడంలో సగం పని మాట్లాడుకోవడమే. ‘ఇది ఎందుకు మునిగింది?’ అని పక్కవాడిని అడగడానికి భాష కావాలి. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే తరగతిలో ఆరేళ్ల పిల్లవాడు ప్రశ్న అడగడు, నోరు మూసుకుని కూర్చుంటాడు. తండాల నుంచి, ములుగు వైపు గూడేల నుంచి వచ్చే పిల్లలకు తెలుగే రెండో భాష. ఇంట్లో లంబాడీయో కోయ భాషో మాట్లాడే పిల్లవాడికి బడిలో కనీసం ఒక్కరైనా ఆ మాట తెలిసినవారు ఉన్నారా అన్నది చిన్న విషయం కాదు. ఇక 2018 నాటి చట్టం ప్రకారం రాష్ట్రంలో ఏ బోర్డు బడిలోనైనా తెలుగు నేర్పి తీరాలి. ‘మాది సీబీఎస్‌ఈ, తెలుగు ఐచ్ఛికం’ అని ఎవరైనా అంటే ఆ మాట చెల్లదు.

బడి ఒక ఊరులా ఉందా? పిల్లలు వారం వారం కూర్చుని తమ గొడవలు తామే మాట్లాడుకునే బాలసభ ఉందా? భోజనం దగ్గర పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు వడ్డిస్తారా? మొక్కలకు నీళ్లు, తరగతి శుభ్రత పిల్లలందరికీ వంతులవారీగా వస్తాయా, లేక కొందరు పిల్లలకే పడుతున్నాయా? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. తల్లిదండ్రులు గేటు దాటి లోపలికి రావచ్చా అన్నదీ చూడండి. ఏడాదికి రెండుసార్లు మార్కుల కాగితం మీద సంతకం పెట్టించుకోవడానికి పిలవడాన్ని భాగస్వామ్యం అనరు.

దూరం, తర్వాతి దారి, మొత్తం ఖర్చు. వర్ధన్నపేట నుంచో పరకాల నుంచో పొద్దున ఏడింటికి వ్యాను ఎక్కి సాయంత్రం ఆరింటికి దిగే పాపకు ఆడుకునే పొద్దు మిగలదు. మట్టిలో ఆడుకోని పిల్లకు బడిలో మట్టి సామగ్రి ఇచ్చి లాభమేమిటి? ఖర్చు లెక్కలో ఫీజు ఒక్కటే వేసుకోవద్దు. వ్యానుకు నెలకు 1,500 అనుకుంటే పది నెలలకు 15,000. దాని మీద పుస్తకాలు, రెండు రకాల యూనిఫాం, బూట్లు, వార్షికోత్సవం దుస్తులు, చివరికి ట్యూషన్. ఆటలతో నేర్పుతామన్న బడి పిల్లలు ట్యూషన్‌కు వెళుతుంటే అక్కడే ఏదో తేడా ఉంది.

## అయిదు దారులు ఒక చూపులో

| దారి | చేతి పనికి అవకాశం | పిల్లలు, తల్లిదండ్రుల బంధం | ప్రధాన బలహీనత |
|---|---|---|---|
| వాడలోని సర్కారు ప్రాథమిక బడి | టీచరును బట్టి చాలా ఎక్కువ లేదా దాదాపు శూన్యం | దగ్గరి బంధం, చట్టబద్ధమైన కమిటీ | టీచర్ల కొరత, బదిలీలు |
| వీధి ప్రైవేటు బడి | తక్కువ, కానీ అడిగితే మారవచ్చు | కరస్పాండెంట్‌తో నేరుగా మాట్లాడవచ్చు | తక్కువ జీతాలు, తరచూ మారే టీచర్లు |
| కార్పొరేట్ బడి | టైంటేబుల్‌లో ఉన్నంత మేరకే | యాప్‌లో సందేశాలు | టీచరుకు స్వేచ్ఛ లేదు |
| మాంటిస్సోరి, చిన్న ప్రత్యామ్నాయ బడి | నిజమైనదైతే అన్నిటికంటే ఎక్కువ | చాలా గట్టిది | ఫీజు, పై తరగతులు లేకపోవడం |
| గురుకులం, నవోదయ | మధ్యస్థం | పిల్లల మధ్య గాఢమైనది, ఇంటికి దూరం | ప్రవేశ పరీక్ష, చిన్న వయసులో హాస్టల్ |

## వాడలోని సర్కారు బడి

దీన్ని చూడకుండానే పక్కన పెట్టేవాళ్లు చాలామంది. నేనైతే ముందు దీన్నే చూడమంటాను.

2022–23 నుంచి సర్కారు బడుల్లో ఆంగ్ల మాధ్యమం మొదలైంది. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఆంగ్లం. చిన్న పిల్లలకు ఇంతకంటే తెలివైన ఏర్పాటు ఖరీదైన బడుల్లో కూడా కనిపించదు, ఎందుకంటే పాఠం అర్థమయ్యాకే ఆంగ్లం వస్తుంది. ఒకటి నుంచి అయిదు తరగతుల వాళ్లకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచడానికి 2022లోనే తొలిమెట్టు కార్యక్రమం వచ్చింది. శ్రద్ధ ఉన్న టీచరు దాన్ని ఆధారం చేసుకుని గింజలు, పుల్లలు, అక్షరాల కార్డులతో తరగతి నడుపుతారు. శ్రద్ధ లేనిచోట అది రిజిస్టరులో నింపే మరో పట్టిక అవుతుంది.

ఇక్కడ టీచరుకు ఉన్న స్వేచ్ఛ నిజంగా పెద్దది. ఈ గంటకు ఈ పేజీ చెప్పాలని హైదరాబాద్ నుంచి ఎవరూ ఆదేశించరు. బడి ముందు చెట్టు, వెనక ఖాళీ జాగా, దగ్గరలో చెరువు, మధ్యాహ్న భోజనం కోసం వచ్చే బియ్యం, కూరగాయలు, వారానికి మూడు గుడ్లు, ఇవన్నీ పాఠానికి సామగ్రే. అరవై మందికి రోజుకు ఎన్ని కిలోల బియ్యం పడుతుందో మూడో తరగతి పిల్లలతో లెక్క కట్టించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అసలు చిక్కు సిబ్బంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు టీచర్లు ఉండాలి. పిల్లలు తగ్గిపోయిన ఊళ్లలో అయిదు తరగతులకూ కలిపి ఒక్కరే ఉన్న బడులు ఉన్నాయి. ఆ ఒక్కరూ శిక్షణకో మీటింగుకో వెళితే ఆ రోజు చదువు లేదు. ఒకే గదిలో పలు తరగతులు కూర్చోవడం మాత్రం దానంతట అది లోపం కాదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి వారు పల్లె బడుల కోసం రూపొందించిన కార్డుల పద్ధతి మొత్తం దాని మీదే నిలబడింది: పెద్దపిల్ల చిన్నపిల్లకు చెబుతుంది, ఎవరి మెట్టు మీద వాళ్లు ఉంటారు. తేడా ఏమిటంటే అక్కడ అది ఆలోచించి చేసిన ఏర్పాటు, మన దగ్గర చాలాచోట్ల గతిలేక జరిగినది. హెడ్మాస్టరుతో పది నిమిషాలు మాట్లాడితే ఏది ఏదో తెలుస్తుంది.

తల్లిదండ్రులకు ఇక్కడ ఉన్న అధికారం మరెక్కడా లేదు. చట్టం చెప్పిన యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలు. 2024లో స్వయంసహాయక సంఘాల మహిళలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వేశారు. కమిటీ కాగితం మీద ఉందా, నెలకోసారైనా కూర్చుంటోందా అన్నది వేరే విషయం. చదువుకున్న నలుగురు తల్లిదండ్రులు తమ పిల్లలను చేర్చి కమిటీలో కూర్చున్న బడి ఏడాదిలో మారుతుంది. కానీ ఆ పని ఒక్కరివల్ల కాదు, అందుకే చేరేముందు పక్కింటివాళ్లతో మాట్లాడుకోండి.

మూడేళ్ల పాపకైతే సర్కారు వైపు అంగన్‌వాడీ ఉంది. కొన్ని బడుల్లో ప్రీప్రైమరీ తరగతులు కూడా మొదలయ్యాయి. ఈ వయసుకు ఆయమ్మ మంచిదా కాదా అన్నదే చూడాలి, తక్కినవన్నీ తర్వాత.

## వీధి ప్రైవేటు బడి

కరీమాబాద్, దేశాయిపేట, హసన్‌పర్తి, నర్సంపేట, ఎక్కడ చూసినా ఇంటినే బడిగా మార్చిన ఇవి కనిపిస్తాయి. చాలా కుటుంబాలు ఎంచుకునేది ఈ దారినే. కారణాలు న్యాయమైనవే: దగ్గర, భరించగల ఫీజు, టై కట్టుకుని వెళ్లే పిల్లవాడు, రోజూ హోంవర్కు.

చేతి పని ఇక్కడ తక్కువ. టీచర్లకు ఇచ్చే జీతం అంతంత మాత్రం, ఏడాది తిరక్కుండానే వెళ్లిపోతారు. కొత్తగా వచ్చిన అమ్మాయి గైడు చూసి జవాబులు రాయించడం తప్ప మరేం చేయగలదు? ఒకటో తరగతి పిల్లల చేత నాలుగు గీతల పుస్తకం రోజుకు మూడు పేజీలు నింపించడం ఇక్కడి ప్రధాన వ్యాసంగం. అయితే కరస్పాండెంట్ ఎప్పుడూ ఆఫీసు గదిలోనే ఉంటాడు, మీ పిల్లవాడి పేరు, మీ ఇల్లు, మీ దుకాణం అన్నీ ఆయనకు తెలుసు. పదిమంది తల్లిదండ్రులు కలిసి ‘ఒకటి, రెండు తరగతులకు రాత హోంవర్కు తగ్గించండి, శనివారం చేతిపనులకు ఇవ్వండి’ అని అడిగితే వింటాడు. కార్పొరేట్ బడిలో ఆ మాట చెప్పుకోవడానికి మనిషే దొరకడు. కాబట్టి ఈ వర్గంలో ఎంచుకునేటప్పుడు భవనం చూడొద్దు. టీచర్లు ఎన్నేళ్లుగా ఉన్నారని అడగండి. ఒకే టీచరు నాలుగేళ్లు నిలిచిన తరగతి దొరికితే మిగతా లోపాలు సర్దుకోవచ్చు.

## కార్పొరేట్ బడి

ఇక్కడ ఎక్కువ చెప్పడానికి లేదు. ఏ రోజు ఏ పాఠమో ముందే నిర్ణయమై ఉంటుంది, హనుమకొండ శాఖలోనూ కరీంనగర్ శాఖలోనూ అదే రోజు అదే పేజీ. చేతిపనుల పీరియడు కూడా అంతే: పెట్టె తెరిచి, పుస్తకంలోని బొమ్మ చూసి, నలభై నిమిషాల్లో అదే చేసి, పెట్టె మూస్తారు. పిల్లవాడు వేరే దారిలో వెళ్లి కొత్తగా ఏదైనా కనిపెట్టడానికి ఆ నలభై నిమిషాల్లో చోటు లేదు. వారాంతపు పరీక్షలు, ఆరో తరగతి నుంచే ఐఐటీ పునాది కోర్సులు.

అయినా దీన్ని ఎంచుకునేవారు అమాయకులేమీ కాదు. బదిలీలు ఉండే ఉద్యోగులకు ఏ ఊరికి వెళ్లినా అదే పాఠం కొనసాగుతుంది. పోటీని ఇష్టపడే పిల్లలు కొందరు ఉంటారు, వాళ్లు ఇక్కడ హాయిగానే ఉంటారు. ఎనిమిదో తరగతి తర్వాత ఈ దారి గురించి వాదించను. అయిదేళ్ల పిల్లకు మాత్రం వద్దంటాను. తప్పదనుకుంటే కనీసం ఆట స్థలం చూడండి: పై అంతస్తులో కృత్రిమ గడ్డి పరిచిన హాలును మైదానం అనరు.

## మాంటిస్సోరి, చిన్న ప్రత్యామ్నాయ బడులు

ఈ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, అది ఒకరి సొత్తు కాదు. అందుకే ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో పేదవాడ పిల్లలతో మొదలుపెట్టిన పద్ధతి ఇది. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు, యుద్ధకాలమంతా ఇక్కడే గడిపారు. మన దగ్గర ఈ పద్ధతికి వేళ్లు అప్పటి నుంచే ఉన్నాయి. పేదవాడలో పుట్టిన చదువు ఇప్పుడు ఎక్కువ ఫీజు కట్టగలవాళ్లకే అందడం విడ్డూరం.

అసలుదా, బోర్డు మాత్రమేనా అని తెలుసుకోవడానికి సామగ్రి కంటే సమయం చూడాలి. నిజమైన చోట మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఒకే గదిలో ఉంటారు. పొద్దున సుమారు మూడు గంటలు గంట కొట్టరు, ఎవరికి నచ్చిన పని వాళ్లు తీసుకుని చాప పరుచుకుని చేస్తారు, అయ్యాక తీసిన చోటే పెడతారు. ఒక్కో సామగ్రి ఒక్కటే ఉంటుంది, అందువల్ల తన వంతు కోసం ఆగడం కూడా చదువులో భాగమే. గులాబీరంగు ఘనాలు పది, ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా. పిల్లవాడు తప్పు పేరిస్తే ఎవరూ చెప్పనక్కర్లేదు, కంటికే తెలిసిపోతుంది. గరుకు కాగితపు అక్షరాల మీద వేలు పెట్టి రాసిన పిల్లకు పెన్సిల్ పట్టేసరికి ‘అ’ చేతికి వచ్చేసి ఉంటుంది. తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి. ఆంగ్లం వరకే చేయించి ఊరుకునే బడులు చాలా.

ముప్పైమంది పిల్లలూ ఒకే వయసువాళ్లై, వరుసగా కూర్చుని, టీచరు ‘ఇప్పుడు అందరూ పూసలు తీయండి’ అంటే అది మాంటిస్సోరి కాదు. అలాగే నర్సరీకి ఇంటర్వ్యూ పేరుతో పిల్లను ప్రశ్నలు అడిగే బడి పిల్లలను గౌరవించే బడి కాజాలదు. ప్రవేశానికి వడపోత పరీక్ష పెట్టడం చట్టరీత్యా కూడా కుదరదు.

బడి ఒక ఊరులా ఉండటం ఇలాంటి చోట్లే ఎక్కువగా చూస్తాం. తల్లి ఒకరోజు వచ్చి సకినాలు చుట్టడం నేర్పుతుంది, తాత విత్తనాలు తెచ్చి మడి కట్టిస్తాడు, పిల్లల గొడవ పిల్లల ముందే తేలుతుంది. ఇంత మంచిలోనూ మూడు ఇబ్బందులు ఉన్నాయి. బడి మొత్తం ఒకరిద్దరి మీద నడుస్తుంది, వాళ్లు అలసిపోతే బడీ ఆగుతుంది. తోటి పిల్లలంతా ఒకే స్థాయి ఇళ్ల నుంచి వస్తారు కాబట్టి ఊరిలోని తక్కిన పిల్లలు మీ పాపకు తెలియరు. మూడోది గుర్తింపు. ఒకటో తరగతి, ఆపై నడిపే ఏ బడికైనా ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. ఉందా అని అడగండి, యూడైస్ సంఖ్య (ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే సంఖ్య) తీసుకోండి. యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో ఆ బడిలో పిల్లలెందరు, టీచర్లెందరు, ఏ గదులున్నాయో కనిపిస్తాయి. సర్కారు బడికీ ప్రైవేటు బడికీ ఈ పని తప్పకుండా చేయండి, ఫ్లెక్సీ చెప్పని సంగతులు అక్కడ ఉంటాయి.

ఈ బడుల్లో చాలావరకు అయిదో తరగతితో ఆగిపోతాయి. అక్కడి నుంచి వచ్చిన పిల్లలకు మామూలు బడిలో మొదటి రెండు మూడు నెలలు కష్టంగా ఉంటుంది: గంట గంటకు పాఠం మారడం, కదలకుండా కూర్చోవడం, మార్కులు. తర్వాత సర్దుకుంటారు. ఆ భయంతో బంగారం లాంటి అయిదేళ్లు వదులుకోవడం నాకు సరైన లెక్కగా తోచదు.

## గురుకులం, నవోదయ

ఈ రెండిటి వెనకా మన జిల్లా మనిషి ఉన్నారు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులానికీ, 1980ల నడుమ దేశమంతటా మొదలైన నవోదయ విద్యాలయాలకూ (కేంద్రం నడిపే హాస్టల్ బడులు) చొరవ చూపింది లక్నేపల్లిలో పుట్టి వంగరలో పెరిగిన పీవీ నరసింహారావు. ఇప్పుడు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలు జిల్లా అంతటా ఉన్నాయి. వాటిలో చాలావరకు ప్రవేశం అయిదో తరగతిలో. మామునూరు నవోదయలో ఆరో తరగతిలో. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి.

కలిసి బతకడం నేర్పడంలో వీటికి సాటి లేదు. పడక, భోజనం, ఆట, పంచుకోవడం అన్నీ అక్కడే. పేద ఇంటి పిల్లకు ఖర్చు లేని చదువు, మైదానం, గ్రంథాలయం దొరుకుతాయి. చేతులతో నేర్పడం మాత్రం బడిని, ప్రిన్సిపాల్‌ను బట్టి ఉంటుంది. పొద్దున, సాయంత్రం చదువు గంటలు ఎక్కువ, తీరిక తక్కువ. పదేళ్లకే ఇల్లు వదలడం కొందరికి రెక్కలు ఇస్తుంది, కొందరిని లోలోపల కుంగదీస్తుంది. మీ పిల్ల ఏ రకమో మీకే తెలియాలి.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది ప్రవేశ పరీక్ష కోచింగ్. నవోదయ సీటు కోసం నాలుగో తరగతి పిల్లలను బడి మాన్పించి కోచింగ్ హాస్టల్లో పెడుతున్నారు. ఆకారాలు, శ్రేణులు, ఆన్సరు షీటులో గడులు నింపడం తప్ప ఏడాదంతా మరో పని ఉండదు. సీటు వస్తే సరే, రానివాళ్లే ఎక్కువ. పరీక్ష రాయించండి, ఇంట్లోనే పాత ప్రశ్నపత్రాలు చేయించండి. అంతకుమించి వద్దు.

## ఎవరికి ఏది

ఇద్దరూ ఉద్యోగస్తులై, నగరంలో ఉండి, ఫీజు భారం కాకపోతే మూడు నుంచి ఆరేళ్ల దాకా నిజమైన మాంటిస్సోరి కోసం వెతకండి. అది ఇంటికి అరగంట లోపు దొరకకపోతే దూరం పంపవద్దు, దగ్గరి చిన్న బడి నయం.

ఆటో నడిపేవారు, చిన్న దుకాణదారులు, కౌలు రైతులు ఫీజు కోసం అప్పు చేసే పరిస్థితిలో ఉంటే, ఇద్దరు టీచర్లకు తగ్గకుండా ఉన్న సర్కారు బడి చూసుకుని ఆ డబ్బుతో ఇంట్లో కథల పుస్తకాలు కొనండి. అప్పు తెచ్చి చదివించే బడిలో పిల్ల మీద పడే ఒత్తిడి కూడా ఎక్కువే. ‘ఇంత కడుతున్నాం’ అన్న మాట ఏదో ఒక రోజు నోటి నుంచి వస్తుంది.

పిల్లల చదువు కోసం తల్లి హనుమకొండలో గది అద్దెకు తీసుకుని, తండ్రి ఊళ్లో వ్యవసాయం చూసుకునే కుటుంబాలు మన దగ్గర చాలా. ఎనిమిదో తరగతి నుంచైతే అర్థం చేసుకోగలను. ఒకటో తరగతికి ఆ త్యాగం అక్కర్లేదు. పొలం, పశువులు, తాత, నాయనమ్మ ఉన్న ఊళ్లో పిల్లకు చేతికి దొరికే చదువు అద్దెగదిలో దొరకదు. ఆరో తరగతికి మండలంలోని మోడల్ స్కూల్, కస్తూర్బా బాలికా విద్యాలయం, నవోదయ దారులు ఎలాగూ ఉన్నాయి.

మాట ఆలస్యంగా వచ్చిన, చదవడంలో వెనకబడిన, లేదా వైకల్యం ఉన్న పిల్లలకు తరగతి చిన్నదిగా ఉండటమే మొదటి షరతు. సర్కారు వైపు మండలాల్లో భవిత కేంద్రాలు, వాటిలో ప్రత్యేక శిక్షణ పొందినవారు ఉన్నారు. ప్రైవేటు బడిలో చేర్చినా అక్కడికి ఒకసారి తీసుకెళ్లండి. ‘మీ అబ్బాయి వల్ల మా ఫలితాలు తగ్గుతాయి’ అని సూచనగా అన్న బడి ఎంత పేరున్నదైనా మీకు పనికిరాదు.

## వెళ్లి చూసేటప్పుడు, చేరిన తర్వాత

వార్షికోత్సవం రోజో, సైన్స్ ఫెయిర్ రోజో వెళ్లవద్దు. బడిబాట (పిల్లలను సర్కారు బడుల్లో చేర్పించే ప్రచారం) సందడిలో కూడా వద్దు. మామూలు మంగళవారం పదకొండు గంటలకు వెళ్లి, ఒక తరగతి గుమ్మం దగ్గర పావుగంట నిలబడనిస్తారా అని అడగండి. ఆ పావుగంటలో ఎక్కువ మాట్లాడింది టీచరా, పిల్లలా? ఎవరైనా ప్రశ్న అడిగారా? తరగతి గదిలోకి చూడనివ్వకుండా ఆఫీసు గదిలోనే ట్యాబ్‌లో వీడియో చూపించి పంపిస్తే ఆ బడిని జాబితాలోంచి తీసేయవచ్చు. విరామ సమయంలో మరుగుదొడ్డి చూడండి. ఇంటికి వెళుతున్న పిల్లలను ‘ఇవాళ ఏం చేశారు?’ అని అడగండి. ‘ఏం చెప్పారు?’ అని అడగవద్దు, పాఠం పేరు చెప్పి ఊరుకుంటారు.

జూన్ 12న బడులు తెరిచాక దసరా సెలవుల దాకా చూడండి. అప్పటికీ పిల్ల పొద్దున్నే కడుపునొప్పి అంటుంటే, బడిలో తాను చేసిన పని ఒక్కటైనా ఇంట్లో చూపించకపోతే, ముందు టీచరుతో, తర్వాత హెడ్మాస్టరుతో మాట్లాడండి. మారకపోతే ఏడాది మధ్యలోనైనా మార్చవచ్చు. సర్కారు బడికి మారే పిల్లకు పాత బడి వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. ఈ రెండూ విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షన్‌లో ఉన్నాయి. బకాయి ఫీజు పేరుతో టీసీ ఆపితే మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.